అదనంగా ఒక 'ఎ'

ఇజ్మిర్‌లో, బస్మనె వెనక సందులో
చెప్పుల కార్ఖానా మీది గదిలో
మంగళవారం రాత్రుళ్లు
పోలికలు నేర్పుతాను.

గిబి అంటే లాగా.
వస్తువు ముందు, గిబి వెనక.
ఐసు గిబి టీ అని ఒకాయన రాస్తే
పారబోసి వేడిది తెచ్చుకోండి అన్నాను.
ఒంట్లో బాగున్నవాణ్ణి మేం
ముల్లంగి గిబి ఉన్నాడంటాం అంటే
అలెప్పో మంగలి తన బుగ్గలు తడుముకున్నాడు.
ఆ పూట చాలాసేపు నవ్వారు.

దహా అంటే ఇంకా.
దేనికంటే ఇంకా? మా భాషలో 'దాన్నుంచి' అనాలి.
కొండ నుంచి ఇంకా ఎత్తు.
నిన్నటి నుంచి ఇంకా ప్రియం, రొట్టె.
ఎక్కువైనదేదైనా
ఎక్కడో ఒకచోటి నుంచి బయల్దేరి రావాల్సిందే.
ఈ మాట చెప్పేటప్పుడు
బోర్డు వైపు తిరిగి ఉంటాను.

కదర్ అంటే అంత.
పిడికిలంత, ఇల్లంత,
దెనిజ్ కదర్, సముద్రమంత.
ఇంటిపని: తోబుట్టువు మీద ఒక వాక్యం.

గుఫ్రాన్ కాగితానికి జిగురు మరక.
పగలంతా కిందే, చెప్పులకు అడుగులు అతికిస్తుంది.
"నా తమ్ముడు ఆయ్‌హమ్ దెనిజె కదర్"
అని రాసి చుక్క పెట్టింది.

సముద్రమంత ఏమిటి?
మంచివాడా, అల్లరివాడా, మొండివాడా?
విశేషణం లేదు.
పైగా దెనిజ్ చివర ఒక 'ఎ' ఎక్కువ పడింది.
ఎర్ర పెన్ను మూత తీశాక గానీ తట్టలేదు:
ఆ 'ఎ' చేరితే
కదర్ అంత కాదు, దాకా.

సముద్రం దాకా.

తలెత్తితే, తను కిటికీలోంచి చూస్తోంది.
ఆ కిటికీలోంచి సముద్రం కనబడదు.
పక్కింటి గోడ, ఆరేసిన రెండు బనియన్లు.

"తప్పుందా టీచర్?"
"లేదమ్మా. వాక్యం పూర్తి కాలేదు."

కాగితం తీసుకుని, నిలబడే,
చుక్క పక్కన రెండు మాటలు రాసింది:
"దహా గెల్మెది."
ఇంకా రాలేదు.

ఈ దహా నేను నేర్పింది కాదు.
అది వచ్చే నెల పాఠం.
ఏ ఆఫీసు కిటికీ ముందు,
ఎన్నిసార్లు నిలబడి నేర్చుకుందో.

పెన్నుకి మూత పెట్టాను.
కింద షట్టర్ దించారు.

వచ్చే మంగళవారం 'ఎన్' చెప్పాలి.
అన్నిటిలోకీ పెద్ద, అన్నిటిలోకీ దగ్గర,
అన్నిటిలోకీ దూరం.
ఉదాహరణలు ఇంకా రాసుకోలేదు.