పిడికిట్లో పాట

గాలి గంటకి నూటపది. పడవ లేదు.
ఆ మాట రాసిన కాగితం అతికించి రేవు గుమాస్తా
టోపీ రెండు చేతులా పట్టుకుని ఇంటికెళ్లిపోయాడు.
జలసంధికి అవతల పోర్వెనీర్, నా బడి,
దిద్దాల్సిన ముప్ఫైరెండు జవాబు పత్రాలు.
ఇవతల పుంతా అరేనాస్‌లో
వీధి మూలన కట్టిన తాడు పట్టుకుని
నెవెంకా గారి అద్దె గదుల ఇల్లు చేరాను.
అప్పటికే ఇద్దరున్నారు పొయ్యి దగ్గర.

"మా అక్క మనవడు పంపాడు, దీన్నెలా ఆడాలో ఏమో"
అంటూ ఆవిడ బీరువా మీంచి పెట్టె దించింది.
పైన ప్లాస్టిక్ పొర కూడా చింపలేదు.
లోపల బోర్లించిన అట్టముక్కలు, తెలియని సముద్రం.
వేలెడంత కొయ్య ఓడ.
ఒక్కటే.

"తక్కిన ముగ్గురం ఈదాలా?" అన్నాడు రుపెర్తో,
గొర్రెల లారీ నడిపేవాడు.
మందుల షాపు కుర్రాడు యెర్కో
నిబంధనల పుస్తకం దీపం కిందికి జరిపి
మూడుసార్లు చదివాడు.
ఓడ అందరిదీ. చుక్కాని మాత్రం వేలానికి.
ఎక్కువ పాడినవాళ్లదే ఈ పూట దిక్కు,
వాళ్లు కట్టిన సొమ్ము ఓడినవాళ్లకి పంపకం.
చేరాల్సిన చోటు ఎవరి చీటీలో వాళ్లకి రహస్యం.

నాణేలు చాల్లేదు.
రేపటి పులుసుకని తీసిపెట్టిన చిక్కుడు గింజలు
తలా ఇరవై పంచింది నెవెంకా.
"లెక్కపెట్టి తిరిగివ్వాలి సుమా!"

వేలంపాట అంటాం గానీ
ఇక్కడ ఎవరి గొంతూ లేవదు.
పాట పిడికిట్లో ఉంటుంది.
నాలుగు పిడికిళ్లు బల్ల మధ్యకొచ్చి
ఒకటి, రెండు, మూడు, విచ్చుకుంటాయి.
నాది ఎనిమిది, యెర్కోది తొమ్మిది.
నా ద్వీపం దక్షిణాన ఉండగా
నా ఓడలోనే నేను ఉత్తరానికి పోయాను.
మరుసటి పాటకి కసిగా పదకొండు పెట్టి
ఓడని వెనక్కి తిప్పితే
నెవెంకా చప్పట్లు కొట్టింది. ఆవిడకీ అటే కావాలట!
నా గింజలతో ఆవిడ ప్రయాణం.
ఇంకోసారి సగం విరిగిన గింజ చూపించి
"నీకన్నా అర ఎక్కువ" అని వాదించి గెలిచింది.

రుపెర్తో ఒక్కసారీ పాడలేదు.
ప్రతిసారీ ఖాళీ అరచెయ్యే,
డీజిల్ మరక ఒకటి జీవితరేఖకి అడ్డంగా.
ఓడినవాళ్ల వాటా చేరి చేరి
అతని ముందు యాభై దాటింది కుప్ప.
"అంత పెట్టుకుని ఎటూ పోవా?" అంది నెవెంకా.
"ఇరవై ఆరేళ్లుగా దారి నా చేతుల్లోనే ఉందమ్మా.
ఈ ఒక్క రాత్రి ఎవరో ఒకరు తిప్పనీ."

ఆఖరి పాట.
పిడికిళ్లు విచ్చుకున్నాయి, నాలుగూ ఖాళీ.
ఎవరూ పాడకపోతే ఏం చెయ్యాలి?
యెర్కో పుస్తకం అటూ ఇటూ తిరగేశాడు. లేదు.
కిటికీ అద్దం గడగడలాడింది.
నెవెంకా అటు చూసి
గోటితో ఓడని తూర్పుకి ఒక్క గడి నెట్టింది,
గాలి తోసినట్టే.
అట్ట తిరగేస్తే నీళ్లు.
ద్వీపం లేదు, మంచు లేదు, తిమింగలమైనా లేదు.
ఎవరి చీటీలోనూ లేని నీళ్లు.
అయినా నలుగురం వంగి చూశాం,
పొయ్యి మీద కెటిల్ మరిగి మరిగి ఇగిరిపోయేదాకా.

పొద్దున గాలి పడిపోయింది. తొమ్మిదింటికి పడవ.
గింజలు డెబ్భైతొమ్మిదే తేలాయి.
విరిగినదాన్ని ఒకటిగానే లెక్కేసి
నెవెంకా మా ముగ్గురినీ గుమ్మంలో నిలబెట్టి
కళ్లతోనే జేబులు తడిమి, పొమ్మంది.

లారీ కింది అంతస్తులో గొలుసులేసి
రుపెర్తో పైకొచ్చి నా ఎదుట కూర్చున్నాడు.
రేవు దాటకుండానే నోరు తెరుచుకుని నిద్ర.
ఒళ్లో కుడిచెయ్యి, పిడికిలి బిగించి ఉంది.
ఒకటి, రెండు, అనుకున్నాను లోపల.
మూడు అనలేదు.