ముప్ఫై ఎనిమిది కిలోలు

బాలా ఊరి కాటా మీద మా కారవాన్
చట్టం ఒప్పుకునేదానికంటే
ముప్ఫై ఎనిమిది కిలోలు ఎక్కువ తూగింది.
ఎమ్రిస్ నా సూప్ డబ్బాల వైపు చూశాడు,
నేను అతని పనిముట్ల పెట్టె వైపు.
డబ్బాలు దిగాయి. నీళ్ల తొట్టి ఖాళీ అయింది.
ఇంకా తొమ్మిది.
మాట్లాడకుండా పెట్టె దింపాడు.

కొక్కెం బిగించి,
విడిపోతే బ్రేకు పట్టే తీగ తగిలించి,
పక్క అద్దాలు చెవుల్లా చాచి బయల్దేరాం.

కొండ దిగుతుంటే ఓ లారీ
గాలిని మా మీదికి విసిరిపోయింది.
వెనక ఇల్లు పాములా మెలితిరిగింది.
"తొక్కు, బ్రేకు తొక్కు!"
తొక్కలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడంతే.
స్టీరింగ్ తిన్నగా పట్టి
ఊగేదాన్ని ఊగనిచ్చాడు.

ఇరవై ఆరేళ్లుగా నా కోపానికి
అతను చేసేదీ ఇదే.

కింద ఆగి టీ పోశాను.
సాసరులో కప్పు టకటకలాడింది.
ఆ చెయ్యి నాది కాదు.