సున్నా టికెట్టు

ఆదివారం ఆయనకు డ్యూటీ.
నాకు ఆదివారమే సెలవు.
పెండ్లయి ఎనిమిది నెలలు,
ఒక్క ఆదివారం గూడ ఇద్దరికి కలిసిరాలే.
ఇగ నేనే పోతున్న ఆయన బస్సుల,
తొమ్మిదింబావు దేవరకొండ, నల్లగొండ డిపో,
డబ్బల నాలుగు సర్వపిండి ముక్కలు పెట్టుకొని.

మొదటిసారి ఎక్కిన్నాడు
మిషిన్ పట్టుకొని నా సీటు పక్కన నిలబడ్డడు.
"ఆధార్ కార్డు?"
నవ్వలే. కండ్లల్ల కూడ నవ్వలే.
పక్కనున్న అవ్వ నా మోచేయి పొడిచింది,
"సూపియ్యి బిడ్డా, మంచోడే ఈ పిలగాడు."
పొద్దున నా చేతి చాయ తాగినోడు
కార్డు మొత్తం చదివిండు.
సైదమ్మ. తండ్రి పేరు ఊశయ్య.
ఊరు ఇంకా మా ఊరే, గుర్రంపోడు మండలం.
"అడ్రసు మార్చుకోవా?" అన్నడు మెల్లగ.
"టికెటియ్యి" అన్న.
కిర్రుమని వచ్చింది కాగితం.
నల్లగొండ నుంచి దేవరకొండ. మహిళ ఒకటి.
ఇయ్యాల్సింది సున్నా.

వారమంత ఆధార్లకు జిరాక్సులు తీసుడే నా పని,
క్లాక్ టవర్ కాడ, మెట్ల కింది దుకాణంల.
ఎన్ని మొకాలు ఆ మూత కింద పెట్టిన్నో,
కార్డుల మంచిగ కనపడ్డ మనిషి లేడు.
నేను బాగున్ననంట నా దాంట్ల.
ఆ ముచ్చట బస్సుల చెప్పలే,
రాత్రి బువ్వ తినుకుంట చెప్పిండు,
చారుల ఉప్పు తక్కువైందన్నంత మామూలుగ.

కనగల్ దాటితె జనంల మునిగిపోతడు.
ఖాకీ అంగీ మోచేయి ఒక్కటి తేలుతది,
తర్వాత గొంతు,
"జరగండ్రి, ఎనక మస్తు జాగున్నది!"
లేదు. నేను ఎనకనే ఉన్న.
తండా ఆడోళ్ల గాజుల చప్పుడు, చిల్లర లొల్లి,
ఎవరిదో కోడి.
నడుమల నా ఒడిల బరువుగ ఏదో పడ్డది.
చిల్లర సంచి.
"జెర పట్టుకోమ్మా" అని పోయిండు,
తెలువని మనిషికి చెప్పినట్టు.
బిళ్లలు వెచ్చగ ఉన్నయి.

మా ఊరి స్టేజిల మేనమామ ఎక్కిండు.
"అల్లుడా, నాకు గూడ టికెటేనా?"
కొట్టిండు, తల ఎత్తకుండ.
మామ తిరిగి నా దిక్కు చూసిండు.
నేను కిటికీలకెల్లి బత్తాయి చెట్లు లెక్కపెడుతున్న.

దేవరకొండల పది నిమిషాలు ఆగుతది బస్సు.
అదే మా షికారు.
డ్రైవర్ జానీమియా బీడీ ముట్టిచ్చి
మేం అడగకుండనే అటు మర్లుతడు.
రెండు చాయలు. సర్వపిండి సల్లగైతది.
ఎదురుంగ ఖిల్లా, గుట్ట మీద పగిలిన గోడలు.
"ఎక్కుదమా?" అంటడు ప్రతిసారి.
"ఎన్ని నిమిషాలున్నయి?"
"ఆరు."
"అయితె సగం దాక" అంట,
చాయ ఊదుకుంట కూసుంటం.

ఒకనాడు అక్కడ్నే మాట మాట అనుకున్నం,
వాళ్లక్కకు పంపిన ఐదువేల గురించి.
పది నిమిషాల్ల తెగే కొట్లాటా అది?
విజిల్ ఊదిండు. ఎక్కిన.
మళ్ల వచ్చి కార్డడిగిండు.
ఇయ్యలే.
"రూలు" అన్నడు.
ఫొటో కిందికి పెట్టి బోర్లేసి ఇచ్చిన.
తిప్పలే. అడ్రసు దిక్కే చూసి కొట్టిండు టికెట్టు.
కొండమల్లేపల్లి దాక ఇద్దరం గమ్మునున్నం.
అక్కడ నా ఒడిల ఒక జామకాయ పడ్డది,
నడుమకు కోసి ఉప్పుకారం పెట్టింది.
తిన్న. అట్లని మాట్లాడలే.

టికెట్లన్ని బొట్టుపెట్టెల దాచిన.
మొన్న ఎండలల్ల తీసి చూస్తె
అక్షరాలు పోతున్నయి,
ఆ కాగితమే అంత, వేడికి తెల్లగైతది.
సోమవారం సేటు అన్నానికి పోయినప్పుడు
అద్దం మీద తొమ్మిది పరిచి మూత పెట్టిన.
ఒక్క పేజీ. రెండు రూపాయలు.
నేనే వేసిన గల్లపెట్టెల.
వరుస కొంచెం వంకర వచ్చింది.
కింద మూలకు
నా బొటనేలు గూడ పడ్డది.