తువ్వాల కింద మూడు డబ్బాలు

నల్లగొండ గడియారం సెంటరు వెనక సందుల
మోయిజ్ భాయ్ దుకాణం.
మిక్సీల పొట్టలు విప్పుకొని,
సోల్డరు పొగకు కండ్లు చిన్నగ జేసుకొని కూసుంటడు.
నేను సంచిలకెంచి తీసిన డబ్బాను
పుచ్చకాయ కొనేటోని లెక్క తట్టి చూసిండు.

హెడ్‌ఫోను ఆంప్. పద్నాలుగు వేలు.
ఇంట్ల నాలుగు వేలని చెప్పిన.

"ఏం జేస్తది?"
"పాట విచ్చుకుంటది భాయ్.
గొంతుకూ డోలుకూ నడుమ గాలాడుతది."
"గాలి," అన్నడు. నవ్వలే.

నా కాడ సాక్ష్యం ఉండె.
చండూరుల ఒక రాత్రంత చెప్పిన ఒగ్గు కథ,
మా మామ టేపుల పట్టింది, నేను ఫోన్లకు ఎక్కించుకున్నది.
పదేండ్ల సంది వింటున్న.
ఈ డబ్బా తెచ్చిన నాడే మొదటిసారి వినవడ్డది:
డోలు ఆగినకాడ, మందిల కెంచి,
ఓ చిన్నపొల్ల
"అమ్మా, నీళ్లు."

మోయిజ్ లేచి ఇంకో రెండు డబ్బాలు తెచ్చిండు.
ఒకటి పాత టేపురికార్డరు పేగులతోని
సబ్బుపెట్టెల తనే కట్టుకున్నది.
ఇంకోటి ఎవరో రిపేరుకిచ్చి మర్చిపోయింది.
మీటరు పుల్లలు ఆనిచ్చి
మూడిటి సౌండు ఒక్క తీరు జేసిండు.
"వెంట్రుకంత ఎక్కువున్నా దాన్నే మంచిదంటది.
చెవి ఆశపోతుది."

మీద తువ్వాల కప్పిండు.
అల్లుడు ఇల్యాస్ తువ్వాల కింద తీగలు మార్చుడు,
నేను గోడ దిక్కు తిరిగి చెప్పుడు.
ఇది నాది. ఇది కాదు. ఇది నాదే, ఒట్టు.

ఇరవై సార్లు.
పదకొండు ఒప్పు.
బొమ్మా బొరుసా ఎగరేసినా గంతే వచ్చు.
గాలాడుతున్నదని నేను ప్రమాణం జేసిన రెండుసార్లూ
సబ్బుపెట్టె.

"అట్లని అన్నీ ఒకటే అనకు," అన్నడు భాయ్, చాయ్ వోసుకుంట.
"కొన్ని దోమ లెక్క గుయ్యిమంటయి,
కొన్ని నీ బరువు హెడ్‌ఫోనుకు ఊపిరందక మధ్యల్నే రొప్పుతయి.
అది రోగం, అందరికీ వినవడ్తది.
రోగం లేనియి మూడు పక్కపక్కన వెడితే
తేడా నీ జేబుల ఉంటది."

నేను నీళ్ల లాబుల పన్జేస్త.
మర్రిగూడ దిక్కు బోర్ల కెంచి సీసలొస్తయి,
మీద ఊరి పేరు, తేదీ.
ఎర్రమందు వోస్తే రంగు పలుచనైతది.
ఎంత పలుచనైతే అంత ఫ్లోరైడ్.
ఒకటిన్నర దాటొద్దు. నాలుగు, ఐదు చూసిన.
ఆ ఊర్లల్ల ముసలోళ్లు వంకర కాళ్లతోని నిలవడి
"మా బోరు నీళ్లే తియ్యగుంటుండె సారూ" అంటరు.
నాలుకకు తేడా తెల్వలే.
బొక్కలకు తెలిసింది, ఇరవై ఏండ్లకు.

అక్కడ ఉన్న తేడాను నోరు పట్టలే.
ఇక్కడ లేని తేడాకు నా చెవి పద్నాలుగు వేలు కట్టింది.
రోజూ సీసలకు నంబర్లేసేటోన్ని,
నా చెవికి ఒక్కనాడన్న మందు వోసి చూడలే.

డబ్బా వాపస్ ఇయ్యలే.
రాత్రి లైటు బందు జేసి పెట్టుకుంటే
ఇంకా గాలాడినట్టే ఉంటది.
లెక్క తెలిసి గూడ ఉంటది. సిగ్గు లేదు.

కాని ఆ సాయంత్రం, తువ్వాల తీసినంక,
సబ్బుపెట్టెల ఒక్కసారి కథ మొత్తం వెట్టమన్న.
డోలు ఆగింది.
"అమ్మా, నీళ్లు."
గంతే సాఫుగ. పదేండ్ల సంది ఉన్నట్టే ఉన్నది,
నేనే ఆ జాగల ఎన్నడూ ఆగలే.
ఎనక ఇంకోటి గూడ ఉన్నది:
చెంబు అంచుకు గాజు తగిలిన చప్పుడు,
"ఇగో, తాగు."

మోయిజ్ పాట ఎట్లుందని అడిగిండు.
నేను ఆ చెంబు కాడనే ఉన్న.
ఏ బోరువి
ఆ నీళ్లు.