నూటికి ఎన్ని

మార్చి నెలాఖరు. తోత్తోరి కొండల మీద
ఇంకా కాస్త మంచు, అప్పు ఎగ్గొట్టినవాడిలా
నీడల చాటున తిరుగుతోంది.
సహకార సంఘం వెనకగదిలో పంచదార తూస్తున్నాను.
నూరు పాళ్ళ నీటికి పది పాళ్ళు,
సముద్రపు నాచు జిగురు ఒక పాలు.
కాచి, గాజుపళ్ళేల్లో పోసి, పేరుకోనిస్తే
అదే వాటికి పువ్వు.
పుప్పొడి మోసపోవాలి, అంతే.

బేరి తోటలవాళ్ళు ఒక్కొక్కరే వస్తారు,
నిరుడు ఏరిన మొగ్గల పొడి
ఫ్రీజర్లో చేపముక్కల పక్కన ఏడాది దాచి,
పసిబిడ్డ జాతకంలా రెండు చేతులతో పట్టుకుని.
ఈ బేరికి సగోత్రం గిట్టదు,
వేరే జాతి చెట్టు పొడి కావాలి.
ఆ చలికి తేనెటీగలు ముడుచుకుంటాయి.
మనుషులే నిచ్చెనలెక్కి, ఈకల కుచ్చుతో
పువ్వు పువ్వునీ తాకాలి.

కగెయమా కినుయె గారి పొట్లం
ఊదారంగు రుమాల్లో వచ్చింది.
"జనవరిలో మూడు రోజులు కరెంటు లేదు.
కరిగింది, మళ్ళీ గడ్డకట్టింది.
అయినా ఓసారి చూడండి."

ముందు ఎర్రరంగు చుక్క వేశాను.
గింజలన్నీ ఎర్రబడ్డాయి, నిండుగా, గుండ్రంగా.
ఆమె కటకంలోకి తొంగి చూసి నవ్వింది.
నేను నవ్వలేదు.
రంగు పట్టడం వేరు, మొలవడం వేరు.

జిగురు మీద చల్లి, వెచ్చని పెట్టెలో మూడు గంటలు.
ఆమె బార్లీ టీ తాగింది,
గోడ మీది కేలండర్ని రెండుసార్లు చదివింది.

మా లెక్కకు ఒకటే రూలు:
నాళం తన గింజ అడ్డుకొలత దాటితే మొలక,
దాటకపోతే కాదు.
"కొంచెం" అనే గడి మా కాగితంలో లేదు.
చేతిలో లెక్కమర. బొటనవేలికి ఒకటే తహతహ.
నూరు. రెండు నూర్లు.
పళ్ళెం మూలన ఒక గింజ, పొట్ట ఉబ్బి, అంచు చిట్లి,
గడప దాకా వచ్చి ఏదో మరిచిపోయినట్టు ఆగింది.
దాని దగ్గర నేనూ చాలాసేపు ఆగాను.
మర నొక్కలేదు.

మూడు వందలకు మూడు.
"నూటికి ఒకటండీ" అన్నాను.
ఆమె ఏడవలేదు, వాదించలేదు.
"ఆ ఒక్కటీ ఏది? చూపించండి" అంది.
చూపించాను. గాజుదారంలాంటి నాళం
వంకర తిరుగుతూ పోతోంది.
"ఎక్కడికి?"
"అండం దగ్గరికి అనుకుంటోంది."
"పాపం" అంది, "పంచదార నీళ్ళలో."

చీకటిపడే వేళకి ఇకుతా వచ్చాడు.
మురుగుకాలవ గట్టు తగాదాలో
ఆమెతో పదకొండేళ్ళుగా మాటల్లేనివాడు.
అతనిది నూటికి అరవై ఎనిమిది.
బూట్లు తొడుక్కుంటూ, "కగెయమా వాళ్ళది?"
ఒకరి అంకె ఇంకొకరికి చెప్పం మేము.
బల్ల మీద ఆమె మరిచిన ఊదా రుమాలు ఉంది.
దాన్ని చూశాడు, నన్ను చూశాడు,
బూట్లు మళ్ళీ విప్పాడు.
తన పొడిలో సగం ఇంకో కాగితంలోకి వంపి,
"పేరు రాయకండి. అంకె రాయండి చాలు."

ఏప్రిల్లో చూశాను ఇద్దరినీ,
కాలవకి అటొక నిచ్చెన, ఇటొక నిచ్చెన.
తాకిన పువ్వు తెలియడానికి కలిపే గులాబీరంగు
ఇద్దరి వేళ్ళకీ అంటుకుంది.
మాటలు మాత్రం లేవు.
ఆమెకు తెలుసో లేదో నేనడగలేదు.

ఇంకొకటి, ఇది ఎవరికీ చెప్పలేదు.
ఆమె పళ్ళెం ఆ రాత్రి కడగడం మరిచాను.
పొద్దున్నే వేడినీళ్ళు పోయబోతూ
ఊరికే కటకం కింద పెట్టి చూస్తే,
మూలన ఆగిన ఆ గింజ
రాత్రెప్పుడో గడప దాటింది. గింజకు నాలుగింతల నాళం.
గడువు మూడు గంటలు. కాగితం మార్చలేదు.
గదిలో ఎవరూ లేరు.
మర తీసి
ఒక్కసారి నొక్కాను.