కాలవ కట్టేసిన నెల

నాలుగింటికే బయల్దేరాం.
దొరబాబు ఇండికా, బెనర్జీ గాలాలు,
నా వంతు పులిహోరా, బకెట్టులో బతికున్న రొయ్యలూ.
చెరువు కాపలావాణ్ణి బతిమాలి
చెరువు నీళ్ళతో సహా తెచ్చాను వాటిని.
గతుకొచ్చినప్పుడల్లా ఒళ్ళో బకెట్టు పట్టుకుని
పసిపిల్లకి చెప్పినట్టు "అయిపోయింది, అయిపోయింది" అన్నాను.

ఓడలరేవులో పోలయ్య పడవ కట్టి ఉంచాడు.
"ఆరున్నరకి పోటు తిరుగుద్దండి.
ఆ అరగంటే పండుగప్ప మొగలో ఉంటాది.
ఆనక మీరొచ్చినా ఒకటే, రాపోయినా ఒకటే."

అల్లవరం దాటాక బండి ఒకసారి దగ్గింది.
దొరబాబు రేడియో గొంతు పెంచాడు.
రెండోసారి దగ్గితే
"చలికండి" అన్నాడు, వైశాఖమాసంలో.
మూడోసారి దగ్గలేదు.
బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది,
ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు.

రేడియేటర్లో చుక్క లేదు.
నీళ్ళదేముంది, పక్కనే కాలవ కదా అని
చెంబు పట్టుకుని గట్టెక్కి చూద్దును గదా,
కాలవ లేదు.
కాలవ ఉండాల్సిన పొడుగునా
అప్పడంలా పగిలిన మట్టి.
లాకులు దించేసి పదహారు రోజులట.
పేపర్లో నేను చదివిందే.
పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించిందీ నేనే.

ఎడమవైపు రొయ్యల చెరువు, ఉప్పు.
కుడివైపు బోరింగు, అదీ ఉప్పే.
ఒక ఇల్లావిడ గడపలోంచే చెప్పింది:
"బిందెలోవి తాగే నీళ్ళండి.
కుళాయి మళ్ళీ ఎల్లుండే."
అయినా ఒక గ్లాసు తెచ్చింది, మాకు తాగడానికి.
ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.
తాగేశాం.

బెనర్జీ నా బకెట్టు వంక చూశాడు.
"ఒద్దు" అన్నాను.
"ఉప్పుకి ఇంజను పోద్ది" అన్నాడు దొరబాబు.
అప్పటికే పోయిందని ఎవరం అనలేదు.

ఆరు పదైంది. ఆరు ఇరవై.
గాలి దిక్కు మార్చుకున్నట్టు
కొబ్బరాకులు ఒక్కసారి గలగలమన్నాయి.
ఉండబట్టలేక బెనర్జీ
గాలం విప్పాడు, సీసం కట్టాడు, ఎర గుచ్చాడు,
గట్టు మీద నిలబడి
ఎండిన కాలవలోకి విసిరాడు.
టక్కుమంది.
అంత చిన్న చప్పుడుకి మేం ముగ్గురం తలొంచుకున్నాం.

గాలం దేనికో పట్టుకుంది.
తియ్యడానికి నేనే దిగాను.
పంక్చరు ట్యూబు, ఒంటి చెప్పు,
నిమజ్జనం చేసిన పీటకి మేకులు,
నత్తగుల్లలు తెల్లగా, పళ్ళు రాలినట్టు.
తలెత్తితే వంతెన కాలు మీద
నా నెత్తికి మూరెడు పైన నీటి గీత.
వచ్చే నెల ఇక్కడ నిలబడితే మునిగిపోతాను.
చేపలుండే చోట నిలబడి చూశాను:
గట్టున నోరు తెరుచుకుని ఇండికా,
ఒడ్డున పడేసిన పెద్ద చేపలా ఉంది.
దాని పక్కన చేతులు కట్టుకుని ఇద్దరు మనుషులు,
బేరం తెగనట్టు.

ఏడింటికి మినరల్ వాటర్ ఆటో వచ్చింది.
ఇరవై లీటర్ల టిన్ను, ఇరవై రూపాయలు.
శుద్ధి చేసిన గోదావరిని
గుటకగుటకగా బండికి తాగించాం.
దొరబాబు గరాటు పట్టుకున్నాడు,
బెనర్జీ ప్రార్థన చేశాడు,
నేను చిల్లర లెక్కపెట్టాను.
కింద నుంచి కారిపోయింది అంతా.
మట్టి మాత్రం చప్పుడు చెయ్యకుండా తాగింది.

పోలయ్య ఫోను:
"ఆరు కేజీలదండి! మీరు కూర్చునే చోటే!
భీమవరం వాళ్ళెవరో పట్టుకుపోయారు."
"అలాగా" అన్నాడు దొరబాబు, చాలా మర్యాదగా.

లారీ తాడుతో ఇంటికొచ్చాం, వెనక్కి తిరిగి, నిదానంగా.
రొయ్యలు పదకొండు మిగిలాయి.
మా ఆవిడ మూకుడు పెట్టింది, ఏమీ అడగలేదు.
ఒకటి మాత్రం
నూనె కాగేదాకా మీసాలు ఆడిస్తూనే ఉంది.
దాన్ని గ్లాసులో వేసి కిటికీలో పెట్టాను.
ఎందుకని అడిగితే
ఇప్పటికీ చెప్పలేను.
రేపు మాత్రం పంచాయతీ ఆఫీసుకి పోగానే
ఆ నోటీసు మరోసారి చదవాలి,
నీళ్ళు ఎప్పుడు వదుల్తారో.