పడ్డది ఎప్పుడు?

ఒంగోలు పెద్దాసుపత్రి, ఎముకల వార్డు,
కిటికీ పక్క మంచం.
కుర్ర డాక్టరు కాగితం మీంచి తలెత్తకుండా అడిగాడు:
పడ్డది ఎప్పుడు?
పొద్దున్నే, అన్నాను.

మంచినీళ్ల క్యాను లోపలికి జరుపుతా జారింది మాలకొండమ్మ.
మా కనిగిరి పక్క ఫ్లోరైడు బోరునీళ్లు తాగి తాగి
ఎముకలు సుద్దముక్కలయ్యాక
కొనుక్కున్న నీళ్లే పడేసినాయి.

తర్వాతంతా లెక్కే.
నాటుకట్టుకి మూడు రోజులు:
కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, ఊరంతా తలో సలహా.
గుండెకేసుకునే మాత్ర ఆపి
రక్తం చిక్కబడేదాకా ఐదు.
ఒంట్లో రక్తం ఏడే ఉందంటే
ఇచ్చేవాళ్లు దొరికేదాకా రెండు.
షుగరు దిగక ఒకటి, థియేటరు ఖాళీలేక ఒకటి.
తుంటి విరిగిన మనిషి
పన్నెండు రోజులు పైకప్పు చూస్తా పడుంది.

నర్సు ఎస్తేరురాణి నాకు పని నేర్పింది.
రెండు గంటలకోసారి పక్కకి తిప్పు.
మడమ కింద గుడ్డ పెట్టు.
మూడు బంతుల డబ్బాలో గాలి పీల్చమను, దగ్గమను,
నెమ్ము చేరిందంటే ఇంక నా చేతుల్లో ఉండదు.

పదకొండేళ్లుగా మాటల్లేని తోటికోడల్ని
దుప్పటి కొస పట్టుకుని తిప్పాను.
నడుం కింద రూపాయి బిళ్లంత ఎరుపు.
పెరిగిందేమోనని
పూటపూటా దాన్నే చూశాను.

ఆపరేషనైన రెండో రాత్రి
ఆమెకి వార్డు పొగాకు బ్యారనయింది.
"మంట తగ్గించండే, ఆకు మాడతా ఉంది!"
సెలైను గొట్టం పీకబోయింది.
నన్ను గుర్తుపట్టక
నా మీద చాడీలు నాకే చెప్పింది.
అవునక్కా, అది అట్టాంటిదే, అన్నాను.
నవ్వింది.
నవ్వి, గొంతు తగ్గించి,
"నేను అరిస్తే గోడవతల లైటు ఎలిగింది.
మళ్లా ఆరిపోయింది."

రాత్రి తొమ్మిదిన్నర నుంచి
పాలు పోసే పిల్లాడు తలుపు నెట్టిందాకా
చల్లటి గచ్చు.
ఆ లెక్క కేసుషీట్లో లేదు.

తెల్లారి డాక్టరొచ్చాడు.
రాత్రి మతి తప్పిందంటగా, ఏమన్నది?
ఏదో లెండి, అన్నాను.
అదే రాసుకున్నాడు.

ఇరవై రెండో రోజు వాకరు పట్టించి నిలబెట్టారు.
నాలుగడుగులు.
కాళ్లు వణికినాయి, ఎవరివో చెప్పలేను.

మంచం మీద కూలబడి, మామూలు గొంతుతోనే,
"పొద్దున్నే పడ్డానని చెప్పినావంటగా" అంది.
తల ఊపాను.
"అట్టనే ఉండనీ."
కాసేపాగి,
"ఇంక తిప్పు, నడుం మండతా ఉంది."